ఆర్చి బ్రిడ్జితో కొలిస్తే ఇండోర్ స్టేడియం

కొత్త ఇండోర్ స్టేడియం అనగానే అందరూ అడిగే మాట ఒక్కటే: ఎంతమంది పడతారు? హైదరాబాద్ గచ్చిబౌలి ఇండోర్ స్టేడియంలో దాదాపు 5,000 మంది. ఢిల్లీలో 1982 ఆసియా క్రీడల కోసం కట్టిన ఇందిరాగాంధీ ఇండోర్ స్టేడియంలో 14 వేలకు పైగా. 2014లో తెరిచిన ఫిలిప్పీన్ అరీనాలో 55,000. 2011 లెక్కల ప్రకారం గోదావరి గట్టున ఉన్న కొవ్వూరు పట్టణ జనాభా 40 వేల లోపే. పసిపిల్లలతో సహా ఊరంతా వెళ్లి కూర్చున్నా అక్కడ ఇంకా 15 వేల కుర్చీలు మిగులుతాయి.

కుర్చీలదేముంది, వేయొచ్చు. కష్టమంతా కప్పుది. మధ్యలో ఒక్క స్తంభం ఉండకూడదు. అదెంత కష్టమో కొవ్వూరు గోష్పాద క్షేత్రం దగ్గర గట్టెక్కి గోదావరి వైపు చూస్తే తెలుస్తుంది. 1900లో వచ్చిన హేవలాక్ రైలు వంతెనకు 56 స్పాన్లు, అంటే స్తంభాల మధ్య ఖాళీలు, ఒక్కోటి 150 అడుగులు. 1997లో రైళ్లు మొదలైన ఆర్చి బ్రిడ్జికి 28 స్పాన్లు, ఒక్కోటి 97.55 మీటర్లు. స్పాన్లు సగమయ్యాయి, ఒక్కో స్పాను పొడవు రెట్టింపు దాటింది. మీటరుకు పడే బరువు అంతే ఉన్నా, పొడవు రెట్టింపైతే దూలాన్ని వంచే ప్రభావం నాలుగింతలవుతుంది. ఆ భారాన్ని మోయడానికే పైన కాంక్రీటు కమాను లేచింది. బాస్కెట్‌బాల్ కోర్టు పొడవు 28 మీటర్లు. అటూ ఇటూ 35 మీటర్ల చొప్పున గ్యాలరీలు వేస్తే 98. అంటే పెద్ద అరీనా కప్పు మన ఆర్చి బ్రిడ్జి స్పాను ఒక్కదానంత దూరం గాలిలో నిలబడాలి.

ఇక ఎత్తు. పెద్ద బ్యాడ్మింటన్ టోర్నీలకు కోర్టు మీద 12 మీటర్ల వరకు ఏ అడ్డూ ఉండకూడదంటారు. దాదాపు నాలుగంతస్తుల మేడంత. షటిల్ కాక్ బరువు 4.74 నుంచి 5.50 గ్రాములు. గోదావరి గాలికే కాదు, ఏసీ గాలికీ పక్కకు జరిగిపోతుంది. 2009 ఆగస్టులో ప్రపంచ బ్యాడ్మింటన్ పోటీలు గచ్చిబౌలి ఇండోర్‌లోనే జరిగాయి. అక్కడి క్రీడా ప్రాంగణానిది అమలాపురం ఎంపీగా లోక్‌సభ స్పీకరైన బాలయోగి పేరు. 2023లో గంటకు 565 కిలోమీటర్ల స్మాష్‌తో గిన్నిస్ రికార్డు కొట్టిన సాత్విక్ సాయిరాజ్‌దీ అమలాపురమే. ఈ రెండు పేర్లూ తలచుకుంటే గోదావరి డెల్టావాడిగా నాకు గర్వంగా ఉంటుంది. అలాంటి పిల్లలు ఇంకెందరో గాలి తగలని కోర్టు లేకనే ఆట మానేసి ఉంటారన్న దిగులూ ఉంటుంది.

అన్నిటికన్నా నాకు ముఖ్యమైన అంకె బయటికొచ్చే దారిది. 2015 జూలై 14న, గోదావరి పుష్కరాల తొలిరోజు, కొవ్వూరుకు ఎదురుగట్టున రాజమండ్రి పుష్కర ఘాట్‌లో తొక్కిసలాట జరిగి పాతికమందికి పైగా చనిపోయారు. జనం ఎక్కువైనందుకే అలా జరిగిందనుకుంటే పొరపాటు. ఎంతమంది ఏ దారిన, ఎంతసేపట్లో కదలగలరన్నది ముందే లెక్క వేసుకోవాల్సిన విషయం. బ్రిటన్‌లో క్రీడా మైదానాల భద్రతకు వాడే లెక్క ఒకటుంది: మెట్ల మీద, మీటరు వెడల్పున, నిమిషానికి 66 మంది, అందరూ 8 నిమిషాల్లో బయటపడాలి. 5,000 మందికి అన్ని మెట్ల వెడల్పూ కలిపి సుమారు తొమ్మిదిన్నర మీటర్లు కావాలి.

కొవ్వూరులాంటి ఊరికి నేను కోరేది 55 వేల అరీనా కాదు. 12 మీటర్ల ఎత్తు, మంచి చెక్క నేల, 2,000 కుర్చీలు. లెక్క ప్రకారం మెట్లకు 3.8 మీటర్లు చాలు, అంటే రెండేసి మీటర్ల వెడల్పున రెండు దారులు. వాటిలో ఒకటి మూసుకుపోయిన రోజు కోసం మూడోది కూడా.