అలర్జీ మాత్ర, ఆందోళన మాత్ర: రోగనిరోధక కణాలపై వాటి ప్రభావం

పీలమేడు వీధులకు తెలుగు కొత్త కాదు. విజయనగర, నాయక రాజుల కాలం నుంచి కోయంబత్తూరు ప్రాంతంలో స్థిరపడిన తెలుగు కుటుంబాలు తొలుత సేద్యంలోనూ, ఆపైన పత్తి వ్యాపారంలోనూ, నూలు మిల్లులలోనూ, మోటారు పంపుల కర్మాగారాలలోనూ జీవనం సాగించాయి. నేడు చదువు కోసం, వైద్యం కోసం, ఉద్యోగం కోసం వచ్చిన తెలుగువారు కూడా వారి సరసన చేరుతున్నారు. పాతవారికీ కొత్తవారికీ ఉమ్మడిగా ఎదురయ్యే చిక్కు ఒకటి ఉంది. ఇంట్లో మాట తెలుగు, మందుల అంగడిలో మాట తమిళం, మాత్రల అట్ట మీద రాత ఇంగ్లీషు. అందువల్ల తుమ్ములకు ఒక మాత్ర, నిద్ర పట్టకపోతే మరొక మాత్ర, పేరు తెలియకుండానే వాడుకలోకి వస్తున్నాయి. ఇవి రోగనిరోధక శక్తిని తగ్గిస్తాయా అన్న భయం కూడా చాలామందిలో ఉంది. ఈ ప్రశ్నకు ఒకే జవాబు లేదు. ఏ మాత్ర ఏ కణంపై పనిచేస్తుందో తెలుసుకుంటే, భయపడవలసినది ఏదో, భయపడనక్కరలేనిది ఏదో స్పష్టమవుతుంది.

శోథ అంటే ఏమిటి?

దేహానికి గాయమైనా, సూక్ష్మక్రిములు ప్రవేశించినా ఆ భాగం ఎర్రబడి, వేడెక్కి, వాచి, నొప్పి పెడుతుంది. దీనినే వైద్యులు శోథ అంటారు. ఇది స్వయంగా రోగం కాదు, దేహం చేసుకునే రక్షణ చర్య. అయితే పుప్పొడి, ఇంటి దుమ్ము వంటి హాని లేని పదార్థాలను సైతం శత్రువులుగా భావించి దేహం ఇదే చర్యకు దిగితే దానిని అలర్జీ అంటాము.

అలర్జీలో ముఖ్య పాత్ర మాస్ట్ కణాలది. వీటికి ఆ పేరు పెట్టినవాడు జర్మన్ శాస్త్రవేత్త పాల్ ఎర్లిక్, 1878లో. చర్మంలోనూ, ముక్కులోనూ, శ్వాసనాళాలలోనూ ఉండే ఈ కణాలలో హిస్టమిన్ అనే రసాయనం నిలువ ఉంటుంది. అలర్జీ కలిగించే పదార్థం తగిలినప్పుడు ఈ కణాలు హిస్టమిన్‌ను ఒక్కసారిగా వెలువరిస్తాయి. అది రక్తనాళాలను వెడల్పు చేసి, నరాలను రేపుతుంది. ఫలితంగా తుమ్ములు, ముక్కు కారడం, కళ్ళ దురద, దద్దుర్లు వస్తాయి.

అలర్జీ మాత్ర చేసే పని

క్లోర్‌ఫెనిరమిన్, సెటిరిజిన్, లెవోసెటిరిజిన్, ఫెక్సోఫెనడిన్ యాంటీహిస్టమిన్ మందులు. హిస్టమిన్‌ను తాళంచెవి అనుకుంటే, కణాలపై ఉండే హెచ్1 గ్రాహకం తాళం వంటిది. ఈ మందులు ఆ తాళాన్ని ముందే పట్టి ఉంచి, చెవి తిరగకుండా చేస్తాయి. ఇవి రోగనిరోధక కణాలను చంపవు, వాటి సంఖ్యనూ తగ్గించవు. సెటిరిజిన్ వంటివి అలర్జీ జరిగిన చోటికి ఇయోసినోఫిల్ అనే తెల్లకణాలు చేరడాన్ని కొంతవరకు తగ్గించగలవని పరీక్షలలో కనిపించింది. అయినా వైద్యుడు చెప్పిన మోతాదులో వాడితే క్రిములతో పోరాడే శక్తి దెబ్బతింటుందని భయపడనవసరం లేదు.

వీటి వల్ల వచ్చే అసలు ఇబ్బంది వేరు. క్లోర్‌ఫెనిరమిన్ వంటి పాత మందులు మెదడులోకి సులువుగా చేరి నిద్రమత్తు కలిగిస్తాయి. సెటిరిజిన్ కూడా కొందరికి మగత తెస్తుంది. చర్మంపై అలర్జీ పరీక్ష చేయించుకునేవారు ఈ మందులు కొన్ని రోజుల ముందే ఆపవలసి ఉంటుంది. లేకపోతే అలర్జీ ఉన్నా పరీక్షలో దద్దు లేవదు. ఎన్ని రోజుల ముందు ఆపాలో వైద్యుడే చెప్పాలి.

ఆందోళన మాత్ర చేసే పని

ఈ రెండు రకాల మందులకూ మధ్య వంతెన వంటిది హైడ్రాక్సిజిన్. 1950లలో వచ్చిన ఈ మందును దురదకూ ఇస్తారు, ఆందోళనకూ ఇస్తారు. దేహంలోకి వెళ్ళిన తరువాత ఇది కొంతవరకు సెటిరిజిన్‌గా మారుతుంది. ఒకే రసాయనం చర్మంలో దురదను, మెదడులో కలతను కూడా తగ్గించగలదనడానికి ఇది చక్కని ఉదాహరణ.

డయాజెపామ్, ఆల్ప్రజోలామ్ మరో వర్గానికి చెందినవి. మెదడులో గాబా అనే రసాయనం చేసే శాంతపరిచే పనికి ఇవి బలం చేకూరుస్తాయి. డయాజెపామ్ వంటి మందులు అతుక్కునే మరొక స్థానం మెదడు వెలుపల కూడా ఉన్నదని 1977లో తెలిసింది. క్రిములను మింగే మాక్రోఫేజ్ వంటి రోగనిరోధక కణాలలో సైతం అది ఉంది. ప్రయోగశాలలోనూ, జంతువులలోనూ ఈ మందులు శోథ సంకేతాలను మార్చినట్లు గమనించారు. అయితే ఆ ఫలితాలను చూసి శోథ తగ్గడానికి ఆందోళన మాత్ర వాడడం సరికాదు. అటువంటి చికిత్సగా దానికి ఆమోదం లేదు.

వృద్ధుల విషయంలో మరొక జాగ్రత్త అవసరం. మగత ఎక్కువైతే దగ్గు బలహీనపడుతుంది. తిన్నది, తాగినది పొరపాటున శ్వాసనాళంలోకి జారితే ఊపిరితిత్తులకు చీము పట్టే ప్రమాదం ఉంటుంది. తూలి పడి ఎముకలు విరగడమూ జరుగుతుంది. మరోవైపు ఏళ్ళ తరబడి తీరని ఆందోళన కూడా కార్టిసాల్, అడ్రినలిన్‌ల ద్వారా రోగనిరోధక వ్యవస్థ క్రమాన్ని చెదరగొడుతుంది. కనుక ఆందోళనకు వైద్యం చేయించుకోవడంలో తప్పు లేదు. వైద్యుని పర్యవేక్షణ లేకుండా మాత్రలు కొనసాగించడమే తప్పు.

పేరు ఒకటే, మందు వేరు

రోగనిరోధక శక్తిని నిజంగా అణచేవి స్టెరాయిడ్లు. బీటామెథజోన్, డెక్సామెథజోన్, ప్రెడ్నిసొలోన్ ఈ జాబితాలోనివి. ఇవి ఒక్క హిస్టమిన్‌నే కాక, శోథకు కారణమైన అనేక సంకేతాలను ఒకేసారి ఆపుతాయి. అవసరమైన చోట ఇవి ప్రాణదాతలే. కాని ‘అలర్జీ మాత్ర’ అనే పేరుతో అంగడిలో అడిగి తీసుకున్నది స్టెరాయిడ్ గానీ, స్టెరాయిడ్ కలిసిన మాత్ర గానీ కావచ్చు. దానిని వారాల తరబడి మింగితే రక్తంలో చక్కెర, రక్తపోటు పెరుగుతాయి, ఎముకలు బలహీనపడతాయి, అంటువ్యాధులు సులువుగా సోకుతాయి. అలాగని ఒక్కసారిగా మానడం కూడా ప్రమాదమే.

మిల్లు దుమ్ముకు మాత్ర మందు కాదు

నూలు మిల్లులలో పనిచేసేవారికి వారపు సెలవు తరువాతి రోజున ఛాతీ బిగపట్టి ఆయాసం రావచ్చు. దీనిని బిస్సినోసిస్ అంటారు. పత్తి ధూళిలోని పదార్థాలు హిస్టమిన్‌ను వెలువరింపజేయడం, ఆ ధూళిలో ఉండే బాక్టీరియా విషం శ్వాసనాళాలలో శోథను రేపడం ఇందుకు కారణాలుగా గుర్తించారు. తుమ్ముల మాత్ర వేసుకుని పనిలోకి దిగితే ఈ రోగం ఆగదు. ధూళిని తగ్గించడం, ఊపిరితిత్తుల పరీక్ష చేయించుకోవడమే మార్గం. చట్టం ప్రకారం ఇది అధికారులకు తెలియజేయవలసిన వృత్తి వ్యాధి. కనుక కార్మికుడు దీనిని దాచుకోనవసరం లేదు. ఈఎస్ఐ పరిధిలో ఉన్నవారు ఆ ఆసుపత్రిలోనే చూపించుకోవచ్చు.

ఇంటింటా గుర్తుంచుకోవలసినవి

అలర్జీ మాత్ర, ఆందోళన మాత్ర, మద్యం: ఈ మూడింటిలో ఏ రెండు కలిసినా మగత పెరగవచ్చు, శ్వాస మందగించవచ్చు. మత్తు ఉన్నప్పుడు ద్విచక్రవాహనం నడపరాదు, యంత్రం వద్ద నిలవరాదు.

కొన్ని వారాలుగా వాడుతున్న డయాజెపామ్, ఆల్ప్రజోలామ్‌లను హఠాత్తుగా మానరాదు. మూర్ఛలు రావచ్చు. మోతాదును వైద్యుడే మెల్లమెల్లగా తగ్గిస్తారు. ఈ రెండూ 2014 నుంచి అమలులో ఉన్న హెచ్1 షెడ్యూలులోనివి. వైద్యుని చీటీ లేకుండా అమ్మరాదు. అమ్మినప్పుడు అంగడివారు పుస్తకంలో వివరాలు రాయాలి.

ముఖం, నాలుక వాచి, ఊపిరి ఆడక, కళ్ళు తిరిగితే అలర్జీ మాత్రతో కాలయాపన చేయరాదు. అప్పుడు కావలసినది అడ్రినలిన్ ఇంజెక్షన్. వెంటనే 108కి ఫోన్ చేయాలి.

మనసుకు సంబంధించిన బాధలకు టెలి మానస్ వారి 14416 నంబరుకు ఉచితంగా ఫోన్ చేసి తెలుగులోనే మాట్లాడవచ్చు.

ఆసుపత్రికి వెళ్ళేటప్పుడు ఇంట్లో వాడుతున్న మాత్రల అట్టలన్నీ వెంట తీసుకువెళ్ళాలి. పేరు పలకడం రాకపోయినా అట్ట చూపితే చాలు. ఏది హిస్టమిన్‌ను ఆపేదో, ఏది మెదడును శాంతపరిచేదో, ఏది స్టెరాయిడో వైద్యుడు చెబుతారు. దానిని ఆ అట్ట మీదనే తెలుగులో రాసి ఉంచుకుంటే ఇంట్లోని పెద్దలకూ పిల్లలకూ ఉపయోగపడుతుంది.