ఫోన్‌లో దుకాణం: ఉన్నది ఉన్నట్టు చెప్పి అమ్మడం



జకాత్, సదఖా సొమ్ముతో ఒక పేద సోదరికి కుట్టుమిషను కొనిచ్చినప్పుడు మన మనసు తేలికపడుతుంది. ఇక ఆ ఇల్లు నిలబడినట్టేనని అనుకుంటాం. అసలు కష్టం మిషను ఇంటికి చేరిన మర్నాడు మొదలవుతుంది. కుట్టిన బట్ట ఎవరు కొంటారు? అదే గల్లీలో ఇప్పటికే నలుగురు కుడుతున్నారు. బజారులో కొట్టు పెట్టాలంటే అడ్వాన్సు కావాలి, పిల్లల్ని వదిలి పొద్దస్తమానం కూర్చునే వీలు కావాలి. అందుకే ఇవాళ చాలామంది సోదరీమణులు దుకాణాన్ని ఫోన్‌లోనే తెరుస్తున్నారు. వాట్సాప్ స్టేటస్‌లో నాలుగు ఫోటోలు, ఇన్‌స్టాగ్రామ్‌లో ఒక రీలు, కింద డబ్బు పంపాల్సిన నంబరు. అద్దె లేదు, గడప దాటాల్సిన పని అంతకన్నా లేదు.

ఇంతవరకు మంచిదే. అయితే ఈ దుకాణంలో సరుకు కన్నా ముందు అమ్ముడుపోయేది మాట. బజారులోనైతే కొనేవారు బట్టను వేళ్ల మధ్య నలిపి చూస్తారు, అత్తరు చుక్క మణికట్టుకు రాసుకుంటారు, పచ్చడి కొంచెం నాలుకకు తగిలించి చూస్తారు. ఫోన్‌లో ఈ మూడూ కుదరవు. అక్కడ ఉన్నది ఒక బొమ్మ, దాని కింద నాలుగు వాక్యాలు. వాటిని నమ్మే కొనేవారు ముందుగా డబ్బు పంపుతారు. ఆ నాలుగు వాక్యాలు ఎలా ఉండాలి, వాటి విషయంలో దాతలుగా మన పాత్ర ఏమిటి అన్నదే ఈ వ్యాసం.

వ్యాపార భాషలో దీన్ని కంటెంట్ మార్కెటింగ్ అంటున్నారు. పేరు పెద్దదే గాని సంగతి చిన్నది. ‘కొనండి, కొనండి’ అని అరవకుండా, కొనేవారికి పనికొచ్చే విషయం ఏదైనా చెప్పి, ఆ చెప్పిన తీరుతో నమ్మకం సంపాదించుకోవడం. వెనకటి రోజుల్లో గాజుల మలారం మోసుకొచ్చే అవ్వ, ఏ గాజు ఎన్నాళ్లు నిలుస్తుందో, ఏది చెమటకు రంగు పోతుందో కూర్చుని చెప్పి మరీ తొడిగేది. ఆమె చేసిందీ ఇదే.

ముందు డబ్బు, తర్వాత సరుకు అనే బేరం కూడా కొత్తదేమీ కాదు. దైవప్రవక్త (స) మదీనా చేరుకునే నాటికి అక్కడి ప్రజలు ఖర్జూరాల కోసం ఏడాది, రెండేళ్ల ముందే డబ్బు చెల్లించేవారు. ఆయన ఆ పద్ధతిని కాదనలేదు. కొలత ఎంతో, తూకం ఎంతో, గడువు ఎప్పటికో స్పష్టంగా తెలిసి ఉండాలని మాత్రం కట్టడి చేశారు. ఫిఖ్‌హ్ గ్రంథాల్లో ఈ బేరానికి ‘సలమ్’ అని పేరు. మన సోదరి పెట్టే పోస్టును ఆ మూడింటితో సరిచూడండి. ‘సూపర్ క్వాలిటీ కాటన్ కుర్తీ, ధరకు ఇన్‌బాక్స్‌లో అడగండి’ అన్నదాంట్లో కొలత లేదు, గడువు లేదు, ధర కూడా లేదు. ‘ఛాతీ 40 అంగుళాలు, పొడవు 44, మొదటి ఉతుకుకు కొంచెం లోపలికి లాగుతుంది, 650 రూపాయలు, కొరియరు ఖర్చు వేరు, ఆర్డరిచ్చిన 5 రోజులకు పంపుతాం’ అన్నదాంట్లో అన్నీ ఉన్నాయి. రెండోది చదవడానికి చప్పగా ఉందనిపించవచ్చు. కానీ అమ్మాక వెనక్కి వచ్చే ప్రమాదం ఎక్కువగా ఉన్నది మొదటిదానికే. వెనక్కి వస్తే రానూపోనూ కొరియరు ఖర్చు ఆమె నెత్తినే పడుతుంది. అంతకుముందు అమ్మిన వాటి మీద మిగిలిన నాలుగు రూపాయలూ అందులో పోతాయి.

ధాన్యపు రాశి సంఘటన మనలో చాలామంది ఖుత్బాల్లో విన్నదే. ప్రవక్త (స) బజారులో ఒక రాశిలోకి చేయి పోనిచ్చి చూస్తే లోపల తడి తగిలింది. వాన పడిందని వర్తకుడు చెప్పుకున్నాడు. అలాంటప్పుడు ఆ తడిసిన భాగాన్ని జనానికి కనబడేలా పైన ఎందుకు ఉంచలేదని ఆయన అడిగారు. ఇక్కడ ఒకటి గమనించాలి. తడిసిన ధాన్యాన్ని అమ్మవద్దని అనలేదు, తడి పైకి కనబడాలన్నారు. అంతగా ప్రచారంలో లేని మరో హదీసు ఉంది. అమ్మే ముందు కొన్ని రోజులు పాలు పితకకుండా ఆపి, పొదుగు నిండుగా కనబడేలా చేసి ఒంటెను, గొర్రెను అమ్మడాన్ని ఆయన వారించారు. అలా కొన్నవారికి తిరిగి ఇచ్చేసే హక్కు కూడా ఇచ్చారు. ఆ వర్తకుడు నోటితో అబద్ధమాడలేదు. చూపించింది అబద్ధం. ఫోన్‌లో ఫిల్టరు పెట్టి రంగు పెంచిన ఫోటో సరిగ్గా ఆ పొదుగు లాంటిదే. ట్యూబులైటు కింద తీసినా రంగు మారుతుంది. కిటికీ పక్కన పగటి వెలుతురులో, పక్కన ఒక టేపు పెట్టి తీసిన ఫోటోకు ఏ ఫిల్టరూ అక్కర్లేదు.

నిజం చెబితే సరుకు పోతుందన్న భయం సహజం. కానీ నిజాన్ని వివరించి చెప్పినప్పుడు అదే సరుకుకు గిరాకీ తెచ్చిన సందర్భాలు ఉంటాయి. మగ్గం వర్క్ సంగతే తీసుకుందాం. కర్రల చట్రానికి బట్ట బిగించి, సూదితో జర్దోజీ చేసే చేతిపని మన కుటుంబాల్లో తరతరాలుగా ఉంది. ఇవాళ కంప్యూటర్ వర్క్ జాకెట్టు దానికి నాలుగో వంతు ధరకే దొరకవచ్చు. పోటీకి తట్టుకోలేక కొందరు కంప్యూటర్ వర్క్‌నే మగ్గం వర్క్ అని పెడుతున్నారు. మరి నిజంగా చేత్తో చేసిన సోదరి ఏం చేయాలి? ‘వల్లాహీ, నా చేతులతోనే చేశాను’ అని ఒట్టు పెట్టుకోనక్కర్లేదు. ఒట్లు సరుకును కదిలిస్తాయేమో గాని బరకత్‌ను తుడిచేస్తాయని మనకు హెచ్చరిక ఉంది. జాకెట్టు తిరగేసి లోపలి వైపు ఫోటో తీస్తే చాలు. చేతిపని వెనక వైపు దారం ముడులు, ఒక పువ్వు నుంచి మరో పువ్వుకు దాటిన పోగులు కనబడతాయి. మిషను పని వెనక కింది దారం ఒకే తీరుగా నడుస్తుంది, చాలాసార్లు అంటించిన కాగితంలాంటి గుడ్డ కూడా ఉంటుంది. ఈ తేడా చూపించే అర నిమిషం వీడియో వంద ప్రకటనల పెట్టు. దాంతో పాటే, ఇప్పటి జరీ చాలావరకు వెండి బంగారాలది కాదనీ, నీళ్లలో నానబెట్టి ఉతికితే నల్లబడవచ్చనీ చెప్పేస్తే ఇంకా మంచిది. కంప్యూటర్ వర్క్ అమ్మడం తప్పేమీ కాదు. ఆ పేరుతో అమ్మాలి, అంతే.

రెండో ఉదాహరణ ఖుబానీ. ఖుబానీ కా మీఠా చేసి డబ్బాల్లో అమ్మే సోదరీమణులు హైదరాబాదులో ఎందరో ఉన్నారు. ఎండిన ఖుబానీని రాత్రంతా నానబెట్టి, గింజ తీసి, గుజ్జును సన్నని సెగ మీద ఉడికించాలి. గింజ పగలగొడితే బాదంలాంటి పప్పు వస్తుంది, దాన్నే పైన అలంకరిస్తారు. పండు రంగు దగ్గరే పేచీ. గంధకపు పొగ పట్టించి ఎండబెట్టిన ఖుబానీ పసుపు, నారింజ రంగుల్లో మెరుస్తుంది. అలా పట్టించనిది గోధుమ రంగుకు తిరుగుతుంది, మీఠా కూడా ముదురుగానే వస్తుంది. ఫోటో చూసినవారు ‘పాతదా? మాడిందా?’ అని అడుగుతారు. రంగు కలపడం ఒక దారి. రెండు రకాల పండ్లనూ పక్కపక్కన పెట్టి కారణం చెప్పడం మరో దారి. రెండో దారిలో ఖర్చు లేదు. విన్నవారు ఆ సంగతి ఇంకో నలుగురికి చెబుతారు. చక్కెర ఎంత వేశారో, ఏ తేదీన వండారో, ఫ్రిజ్‌లో ఎన్నాళ్లు ఉంటుందో రాస్తే షుగరు ఉన్న పెద్దవాళ్లు కూడా తమకు తగినట్టు నిర్ణయించుకుంటారు. ఇంట్లో వండి అమ్మేవారికి కూడా ఆహార భద్రత, ప్రమాణాల సంస్థ రిజిస్ట్రేషను అవసరమన్నది చాలామందికి తెలియదు. ఆ 14 అంకెల నంబరు డబ్బా మీద ఉండటమే ఒక భరోసా. దరఖాస్తు పెట్టించడానికి మన చదువుకున్న పిల్లలు సాయం చేయవచ్చు.

అత్తరు గురించి ఒక్క మాట. టోకున కొని చిన్న సీసాల్లో నింపి అమ్మేవారు ‘మా సొంత తయారీ, అసలైన ఊద్’ అని రాయడం మామూలైపోయింది. అసలైన ఊద్ ధర తెలిసినవారు నవ్వుకుంటారు, తెలియనివారు మోసపోతారు. ‘కొని నింపుతున్నాం, ఆల్కహాలు లేదు, వాసన కొన్ని గంటలు ఉంటుంది’ అంటే సరిపోతుంది. గాజుల విషయంలోనూ అంతే. హైదరాబాదు లక్క గాజులకు 2024లో భౌగోళిక గుర్తింపు దక్కింది. ఎక్కడి నుంచో తెచ్చిన గాజులకు ఆ పేరు తగిలిస్తే మొదట దెబ్బ తినేది లాడ్ బజార్ చుట్టుపక్కల బొగ్గుల కుంపటి ముందు కూర్చుని లక్క కరిగించే మనవాళ్లే.

ఇప్పుడు దాతలకు సంబంధించిన అసలు విషయానికి వస్తాం. ఇది కొందరికి రుచించకపోవచ్చు. ‘మన సంఘం ద్వారా వ్యాపారం మొదలుపెట్టిన సోదరి పేజీ ఇది, అందరూ వెళ్లి ఐదు స్టార్లు ఇవ్వండి, మంచి మాట రాయండి’ అనే మెసేజీ మనలో చాలామందికి వచ్చే ఉంటుంది. కొనకుండానే, చూడకుండానే మంచి మనసుతో ఐదు నక్షత్రాలు నొక్కి ‘అద్భుతం, మాషా అల్లాహ్’ అని రాసేస్తాం. సవాబు వస్తుందని కూడా అనుకుంటాం. దైవప్రవక్త (స) ‘నజష్’ను నిషేధించారు. కొనే ఉద్దేశం లేని మనిషి వేలంలో ధర పెంచుతూ, సరుకును పొగుడుతూ, అసలు కొనేవాడిని ఊరించడాన్ని నజష్ అంటారు. కొనని సరుకుకు మనం రాసే పొగడ్త దీనికి ఎంత దూరంలో ఉందో ఎవరికి వారు ఆలోచించుకోవాలి. మా వృత్తి భాషలో చెప్పాలంటే, పేపరు దిద్దకుండా వేసిన మార్కులవి. పిల్లవాడి మీద ప్రేమతోనే వేసినా, పై తరగతిలో తేలిపోతాయి.

చట్టం కూడా ఇటే చూస్తోంది. 2020 నాటి ఈ-కామర్స్ నిబంధనల ప్రకారం మార్కెట్‌ప్లేస్‌లలో అమ్మేవారు తామే వినియోగదారుల వేషం వేసి రివ్యూలు రాయకూడదు. ఆన్‌లైన్ రివ్యూలు ఎలా సేకరించాలి, ఎలా చూపించాలి అన్నదానిపై భారత ప్రమాణాల సంస్థ 2022లో ఐఎస్ 19000 పేరుతో ఒక ప్రమాణం తెచ్చింది. ‘ఇంకా రెండే మిగిలాయి, త్వరపడండి’ అంటూ లేని తొందర పుట్టించడాన్ని 2023లో కేంద్రం ప్రకటించిన 13 చీకటి ఎత్తుగడల జాబితాలో చేర్చారు. ఎన్నడూ లేని 2,400 ధరను కొట్టేసి 999 అని చూపించడం కూడా కొనేవారిని తప్పుదారి పట్టించడమే. అయితే జరిమానాల భయంతో ఇదంతా చెప్పడం లేదు. గల్లీలోని చిన్న దుకాణం మీదికి అధికారులు రాకపోవచ్చు. మోసపోయిన గిరాకీ మాత్రం మళ్లీ రాదు, పోతూ పోతూ ‘వీళ్లంతా ఇంతే’ అని మన జమాత్ మొత్తాన్నీ కలిపి అనేసి పోతుంది.

కాబట్టి పొగడ్తకు బదులు కొనుగోలు చేయండి. నిజంగా అవసరమైనదే కొని, వాడి, ఆ తర్వాత రాయండి. ‘కుట్టు గట్టిగా ఉంది, చేతులు ఒక అంగుళం పొట్టి అయ్యాయి, చెబితే సరిచేసి ఇచ్చారు’ అని ఒకరు రాస్తే, ముక్కూ మొహం తెలియనివారికి అది ఇరవై పొగడ్తల కన్నా ఎక్కువ నమ్మకం కలిగిస్తుంది. సోదరికి కూడా చేతుల కొలత దిద్దుకునే అవకాశం వస్తుంది.

మరో విషయం చెప్పక తప్పదు. కొన్ని చోట్ల సంఘాలే ‘భర్త పోయిన ఈమెకు ముగ్గురు ఆడపిల్లలు, ఈమె దగ్గర కొనండి’ అంటూ ఫోటోతో సహా ప్రచారం చేస్తున్నాయి. అది నిజమే కావచ్చు. నిజమైనంత మాత్రాన ఆమె కష్టం మనం వాడుకోవాల్సిన ప్రకటన కాదు. ఆ పిల్లలు బడిలో మా ముందు కూర్చుంటారు. పక్క బెంచీ పిల్లల ఇళ్లలో ఆ ఫోటో తిరిగాక వారి తల ఎలా వంగుతుందో మేము చూస్తున్నాం. చేసిన దానాన్ని ఎత్తిచూపి, నొప్పించి వ్యర్థం చేసుకోవద్దని బఖరా సూరాలో అల్లాహ్ హెచ్చరించాడు. తన కథ చెప్పుకోవాలని ఆమెకే అనిపిస్తే అది వేరు. లేకపోతే ఆమె కుట్టు గురించి చెబితే చాలు. జాలితో కొన్నవారు ఒకసారే కొంటారు, కుట్టు నచ్చినవారు మళ్లీ పండక్కి వస్తారు.

రమజాను నెలలో ఇంకో చిక్కు వస్తుంది. ఆర్డర్లు ఒక్కసారిగా పెరుగుతాయి, వచ్చినదల్లా ఒప్పుకుంటారు, చాంద్ రాత్ దాటినా బట్టలు అందవు. ‘ఈద్‌కు ఇక కుదరదు, ఆర్డర్లు ఆపేశాం’ అని 20వ రోజాకే స్టేటస్ పెట్టగల ధైర్యం ఆమెకు ఉండాలి. అలా పెట్టినప్పుడు ‘మన సంఘం సాయం తీసుకుని మనకే కాదంటావా’ అని మనలో ఎవరూ అనకూడదు.

వచ్చే ఏడాది ఇచ్చే ప్రతి మిషనుతో పాటు ఒక మంచి టేపు, వంట చేసి అమ్మేవారికైతే డిజిటల్ కాటా, రెండు పూటల శిక్షణ కూడా కలిపి ఇవ్వాలన్నది మా సూచన. ఫోటో తీయడం, కొలతలు రాయడం, లోపం ఉంటే ఏ మాటల్లో చెప్పాలన్నది నేర్పితే చాలు. మన డిగ్రీ చదివే ఆడపిల్లలే ఆ పని చక్కగా చేయగలరు. ఆదివారాల్లో తరగతి గది కావాలంటే అడిగి ఇప్పించే బాధ్యత మేము తీసుకుంటాం.