పిల్లల నాలుక ముడి విప్పుదాం

 

మాట అల్లాహ్ మనిషికి ప్రసాదించిన మహా వరం. దివ్య ఖుర్ఆన్‌లోని అర్రహ్మాన్ సూరా ఆరంభంలో, మానవుణ్ణి సృష్టించిన సంగతి వెంబడే అతనికి మాట నేర్పిన సంగతిని అల్లాహ్ ప్రస్తావించాడు. అటువంటి వరం పొందిన మన బిడ్డలు నలుగురిలో తల వంచుకుని నిలబడుతున్నారంటే, లోపం వారిదేనా? ఈ శుక్రవారం మనల్ని మనం ప్రశ్నించుకుందాం.

ఫిరౌన్ వద్దకు వెళ్ళమని ఆజ్ఞ అయినప్పుడు హజ్రత్ మూసా (అలైహిస్సలాం) ముందుగా తన హృదయాన్ని విశాలపరచమని, ఆ తర్వాత నాలుక ముడి విప్పమని వేడుకున్నారు. తాహా సూరాలోని ఈ దుఆ క్రమాన్ని గమనించండి. బెదిరిన గుండె నుండి స్పష్టమైన మాట వెలువడదు. తనకంటే చక్కగా మాట్లాడగల సోదరుడు హారూన్ (అలైహిస్సలాం)ను ఆయన తోడుగా కోరారు. కనుక మాట తడబడటం అవమానం కాదు. మూసా మాటను ఎగతాళి చేసినవాడు ఫిరౌన్. నత్తి గల బిడ్డను అనుకరించి నవ్వే పెద్దలు తాము ఎవరి దారిలో నడుస్తున్నారో ఆలోచించుకోవాలి.

ఒకసారి దైవప్రవక్త (సల్లల్లాహు అలైహి వ సల్లం) ముస్లింను పోలిన, ఆకులు రాలని చెట్టు ఏదని సహచరులను అడిగారు. అది ఖర్జూరపు చెట్టని చిన్నవారైన అబ్దుల్లాహ్ బిన్ ఉమర్ (రజి)కు తట్టింది. పెద్దలు మౌనంగా ఉండటం చూసి ఆయన సిగ్గుతో ఊరుకున్నారు. తర్వాత ఆ సంగతి తెలిసిన తండ్రి హజ్రత్ ఉమర్ (రజి), పెద్దల ముందు నీకేం పని అని గద్దించలేదు. నువ్వు చెప్పి ఉంటే నాకెంతో ప్రీతికరంగా ఉండేదన్నారు.

మరి మనమేం చేస్తున్నాం? మన బిడ్డల్లో చాలామందికి ఇంట్లో ఉర్దూ, బడిలో తెలుగు, మక్తబ్‌లో అరబీ. తెలుగులో ఉర్దూ యాస వినిపిస్తే బడిలో నవ్వుతారు. ఉర్దూలో తెలుగు పదం దొర్లితే ఇంట్లో నవ్వుతారు. చివరికి బిడ్డ మౌనాన్నే ఆశ్రయిస్తాడు. మేము కూడా మక్తబ్‌లో ఏళ్ళ తరబడి సబక్ అప్పజెప్పించుకున్నామే గాని, నీ సందేహమేమిటని అడిగింది తక్కువ. ఆ తప్పును ఒప్పుకుంటున్నాం. ఎందుకంటే నోరు నొక్కబడిన బిడ్డ, రేపు ఎవరైనా తనకు హాని తలపెట్టినా మనతో చెప్పుకోలేడు.

కాబట్టి ప్రతి రాత్రి భోజనాల వద్ద ఫోను పక్కనపెట్టి బిడ్డ మాట పూర్తిగా వినండి. అతను తడబడితే వాక్యాన్ని మీరు పూర్తి చేయకండి, ఆగండి. అతిథి బిడ్డను ప్రశ్నిస్తే జవాబు బిడ్డనే చెప్పనివ్వండి. తప్పు పలికితే నలుగురిలో దిద్దకుండా, సరైన పదాన్ని మీ మాటలో కలిపి పలకండి. ఈ అవకాశం ఆడపిల్లలకూ సమానంగా ఇవ్వండి.

స్పష్టత అంటే అరవటం కాదు. స్వరం తగ్గించమని హజ్రత్ లుఖ్మాన్ తన కుమారునికి బోధించారు. దైవప్రవక్త (సల్లల్లాహు అలైహి వ సల్లం) పలుకులు, వినేవారు లెక్కపెట్టగలిగేంత నిదానంగా ఉండేవని హజ్రత్ ఆయిషా (రజి) తెలిపారు.

అల్లాహ్ మన బిడ్డల హృదయాలను విశాలపరచి, వారి నాలుకలపై సత్యాన్ని, సౌమ్యతను నిలుపుగాక! వారి మాట వినే ఓర్పును మనకు ప్రసాదించుగాక! ఆమీన్.