హ్యాడ్ బీన్ అంటే "అప్పటికి ఎంతసేపటి నుంచి?"



ఈసారి మన గోడపత్రికలో పాస్ట్ పర్ఫెక్ట్ కంటిన్యూయస్ టెన్స్ గురించి రాస్తున్నాను. ఎనిమిదో తరగతి దాకా ఈ పేరు వింటేనే నాకు భయం. పేరు పొడుగ్గా ఉంటుంది గానీ లోపల విషయం చిన్నదే. అది నాకెలా అర్థమయిందో చెప్తాను.

జూలై నెలలో ఒక ఆదివారం నాన్న నన్ను చూడ్డానికి వచ్చాడు. నేను వెనక బోరింగు దగ్గర బట్టలు ఉతుక్కుంటున్నాను. నాన్న వచ్చిన సంగతి 12 గంటలకు గానీ తెలియలేదు. పరుగెత్తుకుంటూ పోయాను. గేటు బయట చింతచెట్టు కింద కూర్చుని ఉన్నాడు. "ఎప్పుడొచ్చావు నాన్నా?" అంటే "ఇప్పుడేనమ్మా" అన్నాడు. కానీ కాళ్ల దగ్గర నాలుగు చుట్ట పీకలు పడి ఉన్నాయి. మా ఊరి వైపు నుంచి పొద్దున ఒక్కటే బస్సు. అది 9 గంటలకే వస్తుంది. అంటే మూడు గంటలు అక్కడే కూర్చున్నాడన్నమాట.

తర్వాత క్లాసులో సార్ జరిగిన సంగతి ఒకటి ఇంగ్లీషులో రాయమంటే నేనిలా రాశాను: "వెన్ ఐ వెంట్ టు ది గేట్, మై ఫాదర్ వాజ్ సిట్టింగ్ అండర్ ది ట్రీ." సార్ తప్పు పెట్టలేదు. "నువ్వు వెళ్లినప్పుడు కూర్చుని ఉన్నాడని తెలిసింది. ఎంతసేపటి నుంచి కూర్చున్నాడో ఇందులో లేదు కదా" అన్నారు. నిజమే. ఆ మూడు గంటలు నా వాక్యంలో లేవు. సార్ ఇలా మార్చారు: "మై ఫాదర్ హ్యాడ్ బీన్ సిట్టింగ్ అండర్ ది ట్రీ ఫర్ త్రీ అవర్స్."

ఈ టెన్స్ పని ఇదే. జరిగిపోయిన కాలంలో రెండు సంగతులు ఉంటాయి. ఒకటి ముందు మొదలై సాగుతూ ఉంటుంది (నాన్న కూర్చోవడం). రెండోది తర్వాత వస్తుంది (నేను వెళ్లడం). రెండోది వచ్చేటప్పటికి మొదటిది ఎంతసేపటి నుంచి సాగుతోందో చెప్పడానికి దీన్ని వాడతాం.

సూత్రం: కర్త + హ్యాడ్ + బీన్ + క్రియకు చివర ఇంగ్.

ఐ, వి, యు, హి, షి, ఇట్, దే, ఎవరికైనా హ్యాడ్ ఒక్కటే. మారదు. లేదు అని చెప్పాలంటే "హ్యాడ్ నాట్ బీన్". ప్రశ్న అడగాలంటే హ్యాడ్ ముందుకొస్తుంది: "హ్యాడ్ హి బీన్ వెయిటింగ్?"

సిన్స్, ఫర్ దగ్గర జాగ్రత్త

ఇక్కడే నాకు యూనిట్ టెస్టులో ఒక మార్కు పోయింది. "సిన్స్ టూ అవర్స్" అని రాశాను. ఎందుకలా రాశానంటే, మన తెలుగులో రెండింటికీ "నుంచి" ఒక్కటే. "రెండు గంటల నుంచి వాన పడుతోంది" అంటే గడియారం రెండు కొట్టినప్పటి నుంచి అని కావచ్చు, రెండు గంటలసేపటి నుంచి అని కూడా కావచ్చు. వినేవాళ్లు సందర్భాన్ని బట్టి తెలుసుకుంటారు. ఇంగ్లీషులో రాసేవాళ్లే తేల్చి చెప్పాలి. మొదలైన వేళ చెప్తే సిన్స్: సిన్స్ టూ ఓ క్లాక్, సిన్స్ మార్నింగ్, సిన్స్ సండే. గడిచిన సమయం చెప్తే ఫర్: ఫర్ టూ అవర్స్, ఫర్ టెన్ డేస్. నాన్న సంగతి రెండు విధాలా రాయొచ్చు: సిన్స్ నైన్ ఓ క్లాక్ అన్నా, ఫర్ త్రీ అవర్స్ అన్నా ఒక్కటే.

ఎన్ని? ఎంతసేపు?

వేసవి సెలవుల్లో నేను అమ్మతో తునికాకుకు పోతాను. 50 ఆకులు ఒక కట్ట. సాయంత్రం కల్లం దగ్గర కల్లేదారు కట్టలు లెక్కబెట్టి రాసుకుంటాడు.

"బై ఈవెనింగ్ మై మదర్ హ్యాడ్ టైడ్ సిక్స్టీ బండిల్స్." ఇది ఎన్ని కట్టలో చెప్పింది. ఇది పాస్ట్ పర్ఫెక్ట్.

"బై ఈవెనింగ్ మై మదర్ హ్యాడ్ బీన్ వర్కింగ్ ఫర్ ట్వెల్వ్ అవర్స్." ఇది ఎంతసేపు చేసిందో చెప్పింది. ఇది మన టెన్స్.

కల్లేదారు పుస్తకంలో మొదటి వాక్యమే ఎక్కుతుంది. రెండోది రాయడానికి అందులో గడి లేదు.

గుర్తు చూసి చెప్పడం

ఒక్కోసారి పని మనం చూడం, దాని గుర్తే చూస్తాం. కొత్తగా హాస్టల్లో చేరిన చెల్లెలి కళ్లు ఎర్రగా ఉన్నాయనుకోండి: "హర్ ఐస్ వర్ రెడ్. షి హ్యాడ్ బీన్ క్రయింగ్." ఇక్కడ సిన్స్, ఫర్ లేకపోయినా సరిపోతుంది. నాన్న చుట్ట పీకలు కూడా ఇలాంటి గుర్తే.

ఇంకో రెండు సంగతులు: నో, లైక్ లాంటి క్రియలకు మామూలుగా ఇంగ్ పెట్టకూడదు. "ఐ హ్యాడ్ నోన్ హర్ ఫర్ ఫోర్ ఇయర్స్" అనాలి, "హ్యాడ్ బీన్ నోయింగ్" అనకూడదు. పని ఇప్పటికీ సాగుతుంటే హ్యాడ్ కాదు, హ్యావ్ గానీ హ్యాజ్ గానీ వాడాలి.

మొన్న నాన్న మళ్లీ వచ్చినప్పుడు నా నోట్సులో వాక్యం చూపించి, మా కోయ మాటలో అర్థం చెప్పాను. నాన్న చదువుకోలేదు. వేలితో ఆ వరుస తడిమి చూసి, "ఇప్పుడే అని చెప్పాను కదా" అని నవ్వాడు. కాదు నాన్నా, మూడు గంటలు అన్నాను.

మీరు పూరించండి

1. వెన్ ది బస్ కేమ్, వి ___ (వెయిట్) ఫర్ వన్ అవర్.
2. షి హ్యాడ్ బీన్ రీడింగ్ ___ సిక్స్ ఓ క్లాక్.
3. ది గ్రౌండ్ వాజ్ వెట్. ఇట్ ___ (రెయిన్).

జవాబులు: 1. హ్యాడ్ బీన్ వెయిటింగ్ 2. సిన్స్ 3. హ్యాడ్ బీన్ రెయినింగ్

నేను రాసిన దాంట్లో తప్పులుంటే చెప్పండి, దిద్దుకుంటాను.

— 9వ తరగతి విద్యార్థిని