బోర్డు మీద బోర్డు

ఆర్డుయినో వంటి మైక్రోకంట్రోలర్ బోర్డు పైన గుచ్చే అదనపు సర్క్యూట్ బోర్డును షీల్డ్ అంటారు. మోటారు తిప్పాలన్నా, కొలతలను మెమరీ కార్డులో దాచాలన్నా తగిన షీల్డ్ తెచ్చి సాకెట్లలో దించితే చాలు, విడి తీగలు లాగే పని తప్పుతుంది.

చాలా ప్రయోగాలు చెడేది ఆ తీగల దగ్గరే. తొలి నమూనాను సాధారణంగా బ్రెడ్‌బోర్డు మీద కడతారు. అందులో సోల్డరింగ్ ఉండదు, లోపలి క్లిప్పులే తీగ కొనను పట్టుకుంటాయి. గదిలో బల్ల మీద అది సరిపోతుంది. పుదుచ్చేరిలోని వైతికుప్పం లాంటి మత్స్యకారుల వాడలో, సముద్రపు గాలికి ఆరుబయట ఉండాల్సిన పరికరానికి సరిపోదు. ఉప్పు తేమకు లోహం మీద పొర కడుతుంది, కాంటాక్టు సన్నగిల్లుతుంది, సెన్సర్ అంకెలు ఊరికే ఎగిరిపడతాయి. ప్రోగ్రాంలో తప్పు వెతుకుతున్న మనిషికి అనుమానం తీగ మీదికి పోదు.

షీల్డ్‌లో భాగాలన్నీ సోల్డర్ అయి ఉంటాయి కాబట్టి వదులయ్యే చోటు దాదాపు పిన్నుల వరుస ఒక్కటే. తీరంలో దానికీ రక్షణ కావాలి. మూసిన డబ్బా, బోర్డుపై తేమ చొరనీయని పూత మంచివి. పూత పిన్నులకు అంటితే కరెంటు అందదు, అందుకే ముందు వాటిని టేపుతో కప్పుతారు.

ఇలా కార్డులు గుచ్చి యంత్రాన్ని పెంచుకోవడం పాత పద్ధతే. 1975 నాటి ఆల్టెయిర్ 8800 కంప్యూటర్‌లో 100 పిన్నుల కార్డులుండేవి. 2005లో ఇటలీలోని ఇవ్రియాలో పుట్టిన ఆర్డుయినో దాన్ని విద్యార్థుల బల్ల మీదికి తెచ్చింది. ఆ బోర్డులో ఒక తమాషా ఉంది. పక్కపక్క పిన్నుల మధ్య 2.54 మిల్లీమీటర్ల దూరం ఉంటే, 7, 8 పిన్నుల మధ్య మాత్రం సుమారు 4 మిల్లీమీటర్లు. డిజైన్‌లో దొర్లిన పొరపాటది. బోర్డులు అప్పటికే జనంలోకి వెళ్లిపోవడంతో దిద్దలేదు. 2023లో వచ్చిన ఆర్డుయినో ఊనో ఆర్4 బోర్డులోనూ అలాగే ఉంది. మామూలు చిల్లుల బోర్డు దీనిపై సూటిగా కూర్చోదు. సొంత సర్క్యూట్ కట్టుకునేవాళ్లు ఖాళీ ప్రోటో షీల్డ్ కొనేది అందుకే.

రెండు మూడు షీల్డులు పేర్చితే పిన్నుల తగాదా మొదలవుతుంది. ఈథర్నెట్ షీల్డ్ తన నెట్‌వర్క్ చిప్‌కు 10వ పిన్నును, మెమరీ కార్డుకు 4వ పిన్నును వాడుకుంటుంది. పైన పెట్టే మోటార్ షీల్డ్ అవే అడిగితే పని సాగదు. ఐ2సీ అనే పద్ధతిలో సమాచారం పంపే పరికరాలు రెండే తీగలను పంచుకోగలవు, కాకపోతే ఒక్కోదానికి వేరే అడ్రసు ఉండాలి. ఊనో 5 వోల్టులది, చాలా సెన్సర్లు 3.3 వోల్టులవి, మధ్యలో వోల్టేజీని మార్చే లెవెల్ షిఫ్టర్ లేకపోతే సెన్సర్ కాలిపోవచ్చు. మోటారుకు కరెంటు విడిగా ఇవ్వాలి. ఇవన్నీ కాగితం మీద తేల్చుకున్నాకే షీల్డులు కొనడం మేలు.