చౌడు నేలలో వేరుశనగ: మందు కాదు, ముందు మట్టి చూడాలి

హిందూపురం, పెనుకొండ, ధర్మవరం: విత్తనం మంచిదే, అదనులో వానా పడింది. అయినా చేను నడుమ అక్కడక్కడ మొలకే రాదు. వచ్చిన మొక్క గిడసబారి, ఆకులు పాలిపోయి, అంచులు మాడిపోతాయి. చెరువుల దిగువ పల్లపు పొలాల్లో, ఉప్పునీటి బోర్ల కింద రైతులకు ఇది కొత్త కాదు. తెగులని మందు కొట్టేవారు, బలం చాలలేదని మరో మూట యూరియా చల్లేవారు ఉన్నారు. రెండూ దండగే. అది చౌడు.

వెనుకటి రోజుల్లో ఉప్పరులు ఉప్పు తీసింది, రజకులు బట్టలకు వాడింది ఇలాంటి మట్టినే. పైరుకు మాత్రం అది శత్రువు. నేలలో తడి ఉన్నా ఉప్పు వల్ల వేరు నీటిని పీల్చలేదు. ఉప్పులోని సోడియం పొటాష్‌ను, సున్నాన్ని మొక్కకు అందనివ్వదు. క్షారం ఎక్కువైతే ఇనుము, జింకు నేలలో ఉండీ లేనట్టే.

పప్పుజాతి పైర్లకు మరో నష్టం కూడా ఉంది. గాలిలోని నత్రజనిని పట్టే రైజోబియం బుడిపెలు వేర్లకు సరిగా కట్టవు. నెల దాటిన మొక్కను తడి మీద మెల్లగా పీకి బుడిపెను కోసి చూస్తే తెలుస్తుంది. లోపల ఎర్రగా ఉంటే పని చేస్తున్నట్టు, తెల్లగానో ఆకుపచ్చగానో ఉంటే లేనట్టు.

చౌడు రెండు రకాలు. ఎండితే పైన తెల్లటి పొర కట్టేది పాలచౌడు. దీనికి మంచినీరు పెట్టి ఉప్పును కడిగి, మురుగు కాలువ ద్వారా బయటకు పంపడమే మందు. జిప్సం పని చేయదు. నీరు ఇంకక నిలిచి, ఎండితే రాయిలా బిగిసేది కారుచౌడు. ఉదజని సూచిక 8.5 దాటిన ఈ నేలకు జిప్సం వేసి, తర్వాత నీరు కట్టాలి. వేరుశనగ పూత దశలో కాయ గట్టిపడటానికి ఎకరాకు వేసే 200 కిలోలతో చౌడు విరగదు. దానికి టన్నుల లెక్క కావచ్చు. ఎంతన్నది మట్టి పరీక్షే చెప్పాలి.

అసలు చిక్కు నీటిది. ఉమ్మడి అనంతపురం జిల్లా సగటు వర్షపాతం సుమారు 550 మిల్లీమీటర్లు. బోరు నీరే ఉప్పనైతే కడిగినకొద్దీ చౌడు పెరుగుతుంది. కనుక సెప్టెంబరు, అక్టోబరు వానలే దిక్కు. చౌడు మచ్చల వరకు ఒక ఖరీఫ్ పంట వదులుకుని, గట్లు వేసి వాన నీటిని నిలపాలి. జీలుగ చల్లి పూతకు రాగానే కలియదున్నాలి. చౌడును తట్టుకునే పప్పుజాతి మొక్క అదే. అప్పు తెచ్చి విత్తనం కొన్న రైతుకు ఒక కారు వదులుకోమనడం తేలిక కాదు. కానీ మొలవని చోట ఏటా విత్తనం పోయడం అంతకన్నా ఖరీదు.

నేల లవణ సూచిక 3.2 దాటితే వేరుశనగ దిగుబడి పడిపోతుంది, 5 దగ్గర సగమే మిగులుతుంది. అలసంద దానికన్నా కొంత ఓర్చుకుంటుంది. కదిరి లేపాక్షి రకానికి బెట్టను తట్టుకుంటుందన్న పేరుంది గానీ బెట్ట వేరు, చౌడు వేరు. ఎకరా విత్తనానికి 200 గ్రాముల రైజోబియం బెల్లం నీళ్లతో పట్టించి నీడన ఆరబెట్టాలి. బోదెల మీద వేసేవారు విత్తనాన్ని పక్క వాలున వేయాలి, ఉప్పు శిఖరానికే చేరుతుంది. ఆకు పాలిపోతే లీటరు నీటికి 5 గ్రాముల అన్నభేది, 1 గ్రాము నిమ్మ ఉప్పు కలిపి పిచికారీ చేయవచ్చు.

పరీక్షకు చౌడు మచ్చల మట్టిని, బాగున్న చోటి మట్టిని కలపకూడదు. మచ్చలో అడుగు, రెండడుగులు, మూడడుగుల లోతున వేర్వేరుగా తీసి, అర కిలో చొప్పున సంచుల్లో కట్టాలి. బోరు నీటిని కూడా ఒక సీసాలో ఇవ్వాలి.