మిల్లీమీటరంత మంట

హాల్లో పెట్టుకునే 10 వాట్ల ఎల్‌ఈడీ బల్బు ఇంచుమించు 1000 ల్యూమెన్ల వెలుగిస్తుంది. చేత్తో పట్టుకుని తిరిగే సెర్చిలైట్లలో వాడే 75 వాట్ల జెనాన్ బల్బు ఇచ్చేదీ అంతే. అయినా మొదటిది వరండా దాటి పెరట్లో ఏముందో చూపించలేదు. రెండోది కిలోమీటరు అవతల గట్టు మీద మనిషి నిలబడితే పట్టిస్తుంది. వాట్లు ఎన్ని, ల్యూమెన్లు ఎన్ని అని అడిగి లైటు కొనడం అలవాటైన మనకు ఇది ఒక పట్టాన మింగుడు పడదు.

కిటుకంతా వెలుగు పుట్టే చోటు ఎంత చిన్నదన్న దాంట్లో ఉంది. గిన్నెలాంటి అద్దం నాభి దగ్గర ఒక బిందువు వెలిగితే, దాని కిరణాలన్నీ అద్దానికి తగిలి సమాంతరంగా బయటికొస్తాయి. అసలైన బిందువంటూ లోకంలో లేదు కాబట్టి పుంజం ఎంతో కొంత విచ్చుకుంటుంది. ఎంత విచ్చుకుంటుందో లెక్క కట్టడం తేలికే. మంట పరిమాణాన్ని నాభి దూరంతో భాగిస్తే చాలు. అర మిల్లీమీటరు మంట, మూడు సెంటీమీటర్ల నాభి దూరం అనుకుంటే పుంజం ఒక డిగ్రీ వస్తుంది. అది కిలోమీటరు దూరాన 17 మీటర్ల వలయంగా పడుతుంది. మధ్యలో పోయే నష్టాలు పక్కన పెడితే ఆ 1000 ల్యూమెన్లూ ఆ వలయంలోనే పడి, అక్కడ నాలుగు లక్స్‌ల వెలుగు ఉంటుంది. నిండు పున్నమి వెన్నెల పావు లక్స్. అంటే ఒక చేతి లైటు కిలోమీటరు అవతల పదహారు పున్నముల వెలుగు పరుస్తోందన్నమాట. అదే అద్దంలో మూడు సెంటీమీటర్ల వెడల్పున్న మామూలు బల్బు పెట్టి చూడండి, పుంజమన్నదే ఉండదు.

సెర్చిలైటు కథంతా ఈ మంటను చిన్నది చెయ్యడానికీ, చేశాక అలాగే నిలబెట్టడానికీ పడ్డ పాట్ల కథే. దాన్ని వాడేటప్పుడు తీసుకునే జాగ్రత్తల్లో ముక్కాలు మువ్వీసం కూడా అక్కణ్నుంచే వస్తాయి.

మొదటి మంట కార్బన్‌ది. 19వ శతాబ్దం తొలినాళ్లలో లండన్‌లోని రాయల్ ఇన్‌స్టిట్యూషన్‌లో హంఫ్రీ డేవీ పెద్ద బ్యాటరీ వరసకు రెండు బొగ్గు ముక్కలు తగిలించి, వాటిని ఆనించి, కాస్త ఎడం చేసి చూపించాడు. మధ్యలో గాలే మండినట్టు విల్లులా వంగిన వెలుగు నిలిచింది. ఆర్క్ అన్న పేరు ఆ వంపు వల్లే వచ్చింది. నిజానికి కన్ను చెదరగొట్టేది ఆ విల్లు కాదు, పాజిటివ్ కడ్డీ కొసన పడే చిన్న గుంట. దాని వేడి మూడున్నర వేల డిగ్రీలు దాటుతుంది. ఒకటే చిక్కు, కడ్డీలు కాలి అరిగిపోతూ ఉంటాయి. అరిగిన కొద్దీ ఎడం పెరుగుతుంది, మంట నాభి నుంచి జరిగిపోతుంది, చివరికి ఆరిపోతుంది. వాటిని తగినంత వేగంతో ముందుకు నెట్టే యంత్రాల కోసం 19వ శతాబ్దంలో ఎన్నో బుర్రలు పనిచేశాయి.

రెండో చిక్కు అద్దం. పారాబొలా వంపులో గాజును అరగదియ్యడం అప్పట్లో గగనం. ఫ్రెంచి సైన్యంలో కల్నల్ అల్ఫాన్స్ మాంజాఁ 1874లో దానికి ఒక ఉపాయం చేశాడు. గాజు ముందు వైపు ఒక గోళపు వంపు, వెనక వైపు ఇంకో గోళపు వంపు ఇచ్చి, వెనకే వెండి పూత పూశాడు. గోళపు వంపులు తీర్చడం అప్పటి పనివాళ్లకు బాగా తెలిసిన విద్యే. ఒకదాని లోపాన్ని ఇంకొకటి సరిచేసేది. ఆ తర్వాత కొన్నేళ్లకే యుద్ధనౌకల మీద సెర్చిలైటు తప్పనిసరి సామానైపోయింది.

దాని రుచి మద్రాసుకు 1914 సెప్టెంబరు 22 రాత్రి తెలిసింది. జర్మన్ నౌక ఎమ్డెన్ చీకట్లో తీరానికి దగ్గరగా వచ్చి, సెర్చిలైట్లు వేసి రేవులోని బర్మా ఆయిల్ కంపెనీ ట్యాంకులను పట్టుకుని గుళ్లు కురిపించింది. చమురు అంటుకుంది. అరగంటలో ఓడ వెళ్లిపోయింది గానీ భయం మాత్రం ఊరిని వదల్లేదు. జనం మూటాముల్లే సర్దుకుని స్వగ్రామాల దారి పట్టారు. ఎమ్డెన్ అంత తొందరగా లైట్లు ఆర్పి తప్పుకోవడంలో తెలివుంది. సెర్చిలైటు వేసినవాడు శత్రువుతో పాటు తన చోటు కూడా చూపించేసుకుంటాడు. ఆ గుణం ఈనాటి చేతి లైటుకూ పోలేదు.

ఆ రోజులకే జర్మనీలో హైన్రిష్ బెక్ కార్బన్ కడ్డీకి కొత్త ప్రాణం పోశాడు. కడ్డీ నడిమి బోలులో సీరియం వంటి విరళ మృత్తికల లవణాలు కూరి, ఎక్కువ కరెంటు తోశాడు. గుంటలో నిండిన ఆవిరి మామూలు ఆర్క్‌ను వెలవెలబోయేట్టు చేసింది. అమెరికాలో ఎల్మర్ స్పెర్రీ దాన్ని సెర్చిలైటుకు ఎక్కించాడు. రెండో ప్రపంచ యుద్ధంలో విమానాల వేటకు వాడిన 60 అంగుళాల లైటు ఆ వంశానిదే. 78 వోల్టులు, 150 ఆంపియర్లు, 80 కోట్ల కొవ్వొత్తుల తీవ్రత. వెంట కరెంటు కోసం ఒక జనరేటరు బండి. ఇంత హంగూ 16 మిల్లీమీటర్ల కార్బన్ కొసను ఒకేచోట నిలపడానికే. గుంట ఒకవైపు ఒరగకుండా ఆ కడ్డీని మోటారు తిప్పుతూనే ఉండేది.

ఆ లైటును తిప్పే సిపాయి దాని పక్కన నిలబడేవాడు కాదు. పొడవాటి గొట్టం చివరి చక్రం పట్టుకుని దూరంగా నిలబడేవాడు, లేదా ఇంకా అవతల నుంచి తీగల ద్వారా నడిపేవాడు. కారణం చూపు. గాలిలో దుమ్ము, తేమ ఎప్పుడూ ఉంటాయి. పుంజం వాటికి తగిలి కొంత వెనక్కి చెదురుతుంది. పుంజానికి ఆనుకుని చూసేవాడికి తెల్లటి గోడ తప్ప ఇంకేమీ కనిపించదు. ఈ పాఠాన్ని పట్టించుకోకపోతే ఏమవుతుందో 1945 ఏప్రిల్ 16 తెల్లవారుజామున సీలో గుట్టల దగ్గర తేలింది. బెర్లిన్ మీదికి కదులుతూ సోవియట్ సేనాని జుకోవ్ 143 సెర్చిలైట్లు ఒక్కసారి వెలిగించాడు, జర్మన్ల కళ్లు పోవాలని. అప్పటికే తన ఫిరంగులు లేపిన పొగ, ధూళి ఆ వెలుగును తన సైనికుల మీదికే తిప్పికొట్టాయి. వాళ్లకు ముందేముందో కనిపించలేదు. వెనక నుంచి వెలుగు పడి, నల్లటి ఆకారాలుగా శత్రువుకు మాత్రం బాగా కనిపించారు.

అందుకే చేతి లైటు వాడేవాళ్లు దాన్ని ముఖం పక్కన ఎత్తి పట్టకూడదు. చెయ్యి చాచి, చూపుకు వీలైనంత ఎడంగా పట్టాలి. ఇద్దరుంటే ఒకరు లైటు పట్టి, ఇంకొకరు పదడుగులు పక్కకు జరిగి చూడటం మరీ మంచిది. మంచులో, వానలో పుంజాన్ని వెడల్పు చెయ్యాలనిపిస్తుంది గానీ ఇరుకు చెయ్యాలి. పడవలో అయితే ముందు వైపు తెల్ల రంగు చెక్కలకు వెలుగు తగిలినా చూపు పోతుంది. వెడల్పు చెయ్యడంలో ఇంకో మోసం ఉంది. మంటను నాభి నుంచి జరిపితేనే పుంజం విచ్చుకుంటుంది, అలా జరిపితే నడుమ నల్లటి మచ్చ పడుతుంది. చుట్టూ అంతా వెలుగే, సూటిగా ఎదురుగా ఉన్నది మాత్రం చీకట్లో. వరద నీళ్లలో మనిషి కోసం వెతికేటప్పుడు ఆ మచ్చ సంగతి గుర్తుండాలి.

కార్బన్ మంట మన ఊళ్లలో యుద్ధం వల్ల కాక సినిమా వల్ల పరిచయమైంది. హాలు పై గదిలో ఆపరేటరు కార్బన్లు సర్దుతూ, నల్ల గాజులోంచి మంటను కనిపెడుతూ ఉండేవాడు. ఎడం తప్పితే తెర పసుపెక్కేది, కింద నుంచి ఈలలు మొదలయ్యేవి. రాగి పూత కరిగి కారిన కార్బన్ ముక్కలను హాలు వెనక ఏరుకున్న పిల్లలు ఆంధ్ర, తెలంగాణ ఊళ్లలో చాలామందే ఉంటారు. ఆ గదుల్లోకి తర్వాత జెనాన్ బల్బు వచ్చింది. జర్మనీలో పుట్టి, 1951లో ఓస్రామ్ కంపెనీ రెండు కిలోవాట్ల బల్బుగా బజారుకు తెచ్చిన సరుకది. కార్బన్లు నెట్టే పని తప్పింది, పొగ తప్పింది. ఆపరేటర్లకు కొత్త భయం మాత్రం మిగిలింది.

జెనాన్ బల్బు అంటే దళసరి క్వార్ట్జ్ గాజు గుడ్డు. లోపల రెండు టంగ్‌స్టన్ ముక్కలు, ఒకటి లావు, ఒకటి సూదిమొన. మధ్య సందు చిన్న బల్బుల్లో మిల్లీమీటరు అటూ ఇటూ. మంటను అంత చిన్నచోట నొక్కి ఉంచాలంటే వాయువు పీడనం ఎక్కువ ఉండాలి. చల్లగా ఉన్నప్పుడే పది వాతావరణాల దాకా ఉంటుంది, వెలిగాక ముప్పై దాటొచ్చు. కారు టైరులో రెండు, రెండున్నరకు మించదు. ఆ పీడనం ఫలితంగా 75 వాట్ల బల్బులో మంట మెరుపు సూర్యబింబం మెరుపులో సుమారు నాలుగో వంతు ఉంటుంది.

ఆ ముప్పై వాతావరణాలే భయం. బల్బు మార్చేవాడు యంత్రం పూర్తిగా చల్లారేదాకా ఆగాలి. ముఖానికి కవచం, చేతులకు దళసరి తొడుగులు ఉండాలి. బల్బుకు ఫ్యాక్టరీ తొడిగిన కవరు చివరి క్షణం దాకా తియ్యకూడదు. లోహపు కొసలు తప్ప గాజును వేలితో తాకకూడదు. చెమటలోని ఉప్పు క్వార్ట్జ్ మీద ఉండిపోతే, వేడెక్కాక అక్కడ గాజు స్ఫటికంగా మారి తెల్లబడుతుంది, బలం పోతుంది. తగిలితే ఆల్కహాల్‌తో తుడిచాకే వెలిగించాలి. ప్లస్సూ మైనస్సూ తారుమారైతే సూదిమొన కొన్ని సెకన్లలోనే కరిగిపోతుంది. ఇవన్నీ పాటించినా, గంటల లెక్క పూర్తయిన బల్బును "ఇంకా వెలుగుతోంది కదా" అని వాడటం అన్నిటికన్నా చెడ్డ పొదుపు. లోపల నల్లబడ్డ గాజు వేడిని ఎక్కువగా పీల్చి, పేలే రోజును దగ్గర చేస్తుంది.

వెలిగించే క్షణమూ తక్కువది కాదు. చల్లటి జెనాన్‌లో తొలి దారి తెరవడానికి ఇగ్నైటరు ఇరవై, ముప్పై వేల వోల్టుల దెబ్బ వేస్తుంది. అది క్షణకాలమే, అయినా తడిసిన కనెక్టరుకూ చిట్లిన తొడుగుకూ అది చాలు. పెట్టె విప్పి ఆ భాగంలో వేళ్లు పెట్టడం కంపెనీ మెకానిక్కు తప్ప ఇంకెవరి పనీ కాదు. ప్రతి దెబ్బకూ సూదిమొన కొంచెం అరుగుతుంది కూడా. కాబట్టి నిమిషానికోసారి ఆర్పి వెలిగించేకంటే తక్కువ వెలుగులో ఉంచడం నయం.

ముందున్న గాజు మూతకు మూడు పనులున్నాయి. దుమ్మును ఆపుతుంది, బల్బు పేలితే పెంకుల్ని ఆపుతుంది, అతినీలలోహిత కిరణాల్ని ఆపుతుంది. ఆ మూత లేకుండా వెలిగించి చూసినవాడి కళ్లలో, వెల్డింగు చూసినవాడికి మల్లే, రాత్రికి ఇసుక పోసినట్టు ఉంటుంది. మూత చిట్లితే ఆ లైటు ఆ పూటకు పనికిరాదంతే.

మెయింటెనెన్స్ పుస్తకాల్లో ఎర్ర అక్షరాల్లో ఉండాల్సిన మాట ఇంకొకటుంది. లైటు ఆరి ఉన్నా అద్దం ఊరుకోదు. లైటును ఎండకు ఎదురుగా పెడితే, వెలుగును సమాంతరంగా పంపే అద్దమే ఎండను సమాంతరంగా అందుకుని నాభి దగ్గర పోగేస్తుంది. అక్కడున్నది బల్బు. వెలుగుతున్న లైటును బోర్లా గుడ్డ మీద పెట్టడం దీనికి తోబుట్టువు, గుడ్డ నుంచి పొగ రావడానికి ఎంతోసేపు పట్టదు. అద్దం మీది దుమ్మును ఊది పోగొట్టాలి, రుద్దకూడదు. గీత పడ్డ ప్రతిచోటా వెలుగు పక్కకు చెదురుతుంది. బ్యాటరీ ఉబ్బినట్టనిపిస్తే ఛార్జింగు పెట్టి చూద్దామనుకోకూడదు.

ఎదుటివాడి కళ్ల సంగతి వేరే. అంతర్జాతీయ నౌకాయాన నిబంధనల్లో 36వది, ప్రమాదం ఉన్న వైపు సెర్చిలైటు వెయ్యొచ్చు గానీ ఏ ఓడనూ ఇబ్బంది పెట్టకుండా వెయ్యాలంటుంది. నేల మీద మనకు అంత మర్యాద లేదు. పెళ్లిళ్లలో, జాతర్లలో షార్పీలని పిలిచే లైట్లు ఆకాశంలోకి తిప్పుతున్నారు. వాటిలోనూ అధిక పీడనపు పొట్టి ఆర్క్ బల్బులే, సెర్చిలైటు మనవలే అవి. దిగుతున్న విమానం పైలట్‌కు క్షణంసేపు చూపు చెదిరితే దిద్దుకునే వ్యవధి ఉండదు. మైదానంలో ఎంత సరదాకైనా వాటిని విమానాల దారికి ఎత్తడం నేరంగానే చూడాలని నా ఉద్దేశం.

పక్షులు ఫిర్యాదు చెయ్యవు, వాటి తరఫున శాస్త్రవేత్తలు లెక్క కట్టారు. న్యూయార్క్‌లో సెప్టెంబరు 11 దాడుల స్మారకంగా ఏటా 88 జెనాన్ సెర్చిలైట్లను ఆకాశంలోకి నిలబెడతారు, ఒక్కొక్కటి 7000 వాట్లు. ఏడు రాత్రుల పరిశీలనలో దాదాపు 11 లక్షల వలస పక్షుల దారి వాటి వల్ల చెదిరిందని 2017లో ప్రచురించారు. పుంజంలో చిక్కి గిరగిరా తిరుగుతూ అలిసిపోయేవి. లైట్లు ఆర్పిన కొద్ది నిమిషాల్లోనే చెదిరి తమ దారిన వెళ్లేవి. ఇప్పుడు పుంజంలో పక్షులు వెయ్యి దాటితే ఇరవై నిమిషాలు లైట్లు ఆపుతున్నారు.

చేతి లైట్లలోకి ఈమధ్య ఇంకో రకం వచ్చింది. నీలి లేజరును చిన్న పాస్ఫరు చుక్క మీద పడేస్తారు, చుక్క తెల్లగా వెలుగుతుంది. పీడనం లేదు, పేలే గాజు లేదు, వేల వోల్టుల దెబ్బ లేదు. చుక్క మాత్రం మిల్లీమీటరు లోపే.